ఖాళీ బెంచీకి నాలుగు నిమిషాలు

నా వయసు ముప్పై రెండు. రిటైరయ్యానంటే ఇంట్లోవాళ్లు కూడా నవ్వుతున్నారు. కానీ తొమ్మిదేళ్లు చేసిన పనిని వదిలేసి, దాన్ని మళ్లీ ఎప్పుడూ చేయనని తెలిశాక, దానికి ఇంకో మాట నాకు దొరకలేదు. పైగా ఆ పనికి పేరే లేదు. కాగితాల మీద నేను బోథ్ దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో కంప్యూటర్ బోధకుణ్ని, అదీ కాంట్రాక్టు మీద. నిజంగా చేసింది బడి డిబేట్ జట్టును తయారు చేయడం. దానికి ఉత్తర్వు లేదు, రిజిస్టరు లేదు. అందుకే వీడ్కోలు సభ కూడా లేదు.

నా తర్వాత ఆ గదిలోకి వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ని. కొలిచినవి, కాగితం మీద ఉన్నవి రాయడం నాకు అలవాటు. కొలవలేనివి ఒకటి రెండు జరిగాయి. వాటినీ జరిగిన వరుసలోనే పెడుతున్నాను.

గదిలో ఏమున్నాయి

మధ్యాహ్న భోజనం బియ్యం నిల్వ చేసే పాత గది అది. ఒకటే కిటికీ, పత్తి చేల వైపు. గదిలోని సామాను ఇది:

1. చెక్క బెంచీలు రెండు, ఎదురెదురుగా.
2. టేబుల్ గంట ఒకటి. మూడో నిమిషానికి ఒకసారి, నాలుగో నిమిషానికి రెండుసార్లు కొట్టాలి.
3. స్టాప్‌వాచ్ ఒకటి, నాది.
4. మైకు లేదు. సిమెంటు డబ్బాలో నిలబెట్టిన పీవీసీ పైపు ఉంది. కొసకు నల్లగుడ్డ చుట్టి ఉంటుంది. నోటికి, మైకుకు మధ్య జానెడు దూరం దాని మీదే నేర్పాను.
5. అట్ట ఫైలు ఒకటి. దాని సంగతి తర్వాత.

పక్క గదిలో వాలీబాల్ వలలు, కొత్త బంతులు, కప్పులు పెట్టే అద్దాల బీరువా ఉంటాయి. ఆటలకు పీరియడు ఉంది, సారు ఉన్నాడు, నిధి ఉంది. మా పిల్లలు గెలుచుకొచ్చిన సర్టిఫికెట్లు బీరువా కింద అరలో, వల చుట్టిన అట్టపెట్టెలో ఉండేవి. బీరువాలో ఒక అర ఇమ్మని హెడ్మాస్టరును అడిగాను.

"వాలీబాల్ గెలిస్తే కప్పొస్తది, పేపర్ల ఫోటో వస్తది. మాట్లాడి గెలిస్తే ఏమొస్తదయ్యా? గొంతు నొప్పొస్తది" అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. పోటీలకు వెళ్లే రోజు నాకు సెలవు పెట్టనిచ్చేవాడు కాదు, డ్యూటీ కిందే చూపేవాడు. కానీ మాట అనేది దానంతటదే వస్తుందని, దానికి సాధన, గది, గంట అవసరం లేదని ఆయన నమ్మకం. చాలామంది నమ్మకం అదే. నేను అప్పుడు ఎదురు చెప్పలేదు. కాంట్రాక్టు వాళ్లం సమావేశాల్లో వెనక వరుసలో కూర్చుంటాం. మాట్లాడమని ఎవరూ అనరు, మాట్లాడొద్దని కూడా అనరు.

నర్సయ్య సారు పద్ధతి

నన్ను ఈ పనిలోకి దింపింది తెలుగు చెప్పే నర్సయ్య సారు. నేను చేరిన వారంలో టైపింగ్ పరీక్షకు స్టాప్‌వాచ్ వాడటం చూశాడు.

"నీ తాన గడియారం ఉన్నదంట గదా. సాయంత్రం జర రా."

వెళ్లాను. ఒక బెంచీ మీద ఐదుగురు పిల్లలు కూర్చున్నారు. ఎదుటి బెంచీ ఖాళీ. ఒక పిల్ల లేచి పైపు ముందు నిలబడి నాలుగు నిమిషాలు మాట్లాడి కూర్చుంది. "ఇప్పుడు ఎదుటోళ్ల వంతు. గడియారం పెట్టు" అన్నాడు సారు.

ఎదుట ఎవరూ లేరని చెప్పాను. గడియారం పెట్టమని మళ్లీ అన్నాడు.

చుట్టుపక్కల ఏ బడిలోనూ డిబేట్ జట్టు లేదు. సాధనకు ప్రత్యర్థి దొరకడు. అందుకని సారు ఈ పద్ధతి పెట్టాడు. ఎదుటి జట్టు వంతును ఖాళీ బెంచీకి పూర్తిగా ఇవ్వాలి, ఒక్క సెకను తగ్గించకూడదు. ఆ నాలుగు నిమిషాలూ పిల్లలు మౌనంగా బెంచీ వైపు చూస్తూ, అది చెబుతున్న వాదాన్ని కాగితం మీద రాసుకోవాలి. గంట కొట్టాక లేచి దానికి జవాబు చెప్పాలి.

"ఎవల మాటలు రాస్తున్నరు సార్ వీళ్లు?" అని అడిగాను.

"ఎదుటోనియి."

"ఎదుట ఎవలు లేరు గదా."

"లేరని నువ్వంటున్నవ్. ఆళ్లను అడుగు."

ఇది మంచి పద్ధతి. ఇప్పటికీ అదే అంటాను. ఎదుటివాడి మాటను ఊహించడం నేర్చుకున్న పిల్ల ఎక్కడా తడబడదు. మొదట్లో మాత్రం నాకు అది సమయం వృథా అనిపించింది. సారు రిటైరయ్యాక రెండు రోజులు నా ఫోన్లో ప్రతివాదం రికార్డు చేసి బెంచీ మీద పెట్టి వినిపించాను. మూడో రోజే ఒక ఏడో తరగతి పిల్ల చెయ్యెత్తింది.

"సార్, ఫోన్ మాట్లాడ్తుంటే బెంచి మాటలు ఇనవడ్తలేవు."

ఎవరూ నవ్వలేదు. నేను ఫోను తీసేశాను.

ఆ తర్వాత ఆ నాలుగు నిమిషాలను జాగ్రత్తగా చూడటం మొదలుపెట్టాను. మొదట ఎవరూ రాయరు. కిటికీ బయట పత్తి చేల మీద గాలి వినిపిస్తుంది. గోడ మీద బల్లి కదిలితే తెలుస్తుంది. తర్వాత అన్ని పెన్సిళ్లూ దాదాపు ఒకేసారి కదులుతాయి. పన్నెండు సాధనల్లో కొలిచాను. పన్నెండుసార్లూ యాభై సెకన్ల దరిదాపుల్లోనే. ఇంకొకటి. రాస్తూ మధ్యలో తలెత్తినప్పుడు పిల్లలు బెంచీని చూడరు. దానికి పైన, మనిషి లేచి నిలబడితే ముఖం ఉండే చోటును చూస్తారు. అందరివీ అదే చోటు.

నేను గంట దగ్గర కూర్చునేవాణ్ని. అటు వైపు చూడటం నాకు అలవాటు కాలేదు.

నేను చేసిన తప్పు

రెండో ఏడు. జిల్లా పోటీకి దరఖాస్తు ఫారం వచ్చింది. మా జట్టులో అప్పుడు ముగ్గురు. మూడోవాడు షఫీ, టైర్ల దుకాణం వాళ్ల అబ్బాయి, తొమ్మిదో తరగతి. ఇంట్లో దక్కనీ, బయట తెలుగు. ఆ ముగ్గురిలో ముగింపు బాగా చెప్పేది వాడే. ఫారంలో పేర్లకు రెండే గడులు ఉన్నాయి. నేను గడులను నమ్మే మనిషిని. రెండు పేర్లు రాసి పంపించాను. షఫీకి చెప్పడం ఇవాళ రేపు అంటూ వాయిదా వేశాను. ఈ వాయిదా రెండో తప్పు.

పోటీ రోజు ఉదయం వాడు ఇస్త్రీ బట్టలతో బస్సు దగ్గరికి వచ్చాడు. అక్కడే చెప్పాల్సి వచ్చింది.

"పేరు రాయలేదురా షఫీ. ఇద్దరికే గడులు ఉండె."

వాడు కాసేపు బస్సు మెట్ల వైపు చూశాడు. "ఏం ఫికర్ లేదు సార్" అన్నాడు. బస్సు కదిలాక వెనక పరుగెత్తుకొచ్చి కిటికీలోంచి చెయ్యి చాపాడు. చేతిలో స్టాప్‌వాచ్. "గిది మర్సిపోయిండ్రు."

పోటీలో ఇంకో బడి ముగ్గురితో వచ్చింది. ఎలాగని అడిగితే ఫారం తిప్పి చూపించారు. వెనక పక్క చిన్న అక్షరాల్లో ఉంది, మూడో వక్త ఉంటే తెల్లకాగితం మీద రాసి జత చేయవచ్చని. నేను ఫారం తిప్పలేదు.

షఫీ మళ్లీ ఆ గదికి రాలేదు. పదో తరగతి అయ్యాక దుకాణంలో కూర్చున్నాడు.

ఫైలులో ఒక వాక్యం

ఖాళీ బెంచీ చెప్పిందని పిల్లలు రాసిన కాగితాలన్నీ ఫైలులో పెట్టేవాణ్ని. అంశాల వారీగా సర్ది, తేదీ కాగితం వెనక రాసేవాణ్ని. నాలుగో ఏడు ఫైలు లావై రెండుగా విడదీస్తుంటే ఒక సంగతి కనబడింది. వేర్వేరు అంశాలు, వేర్వేరు దస్తూరీలు. అయినా చాలా కాగితాల్లో చివరి వాక్యం ఒకటే.

"మా వంతు ఎప్పుడు?"

మొక్కలు నాటడం మీద వాదమైనా అదే. సెల్‌ఫోన్ల మీద వాదమైనా అదే. కారణాలు రాసుకుని ఒక్కొక్కటే పరీక్షించాను. ఒకరిని చూసి ఒకరు రాయడం: ఒక వారం దూరదూరంగా కూర్చోబెట్టాను, ముగ్గురి కాగితాల్లో వచ్చింది. గదిలో ఎక్కడైనా ఆ మాట రాసి ఉండటం: గోడలు, బెంచీల అడుగు, కిటికీ రెక్కలు చూశాను, లేదు. సీనియర్లు చెప్పి ఉండటం: ఆ ఏడే చేరిన, సీనియర్లతో పరిచయం లేని పిల్ల కాగితంలోనూ ఉంది. ఆమెను అడిగాను.

"గట్లెందుకు రాసినవమ్మా?"

"ఆఖర్ల గదే అడుగుతది గదా సార్" అంది, నాకు తెలియకపోవడమేమిటన్నట్టు.

అది ఎప్పుడు మొదలైందో వెనక్కి వెళ్లి చూడాల్సింది. చూడలేదు. ఫైలు కట్టేసి బీరువా మీద పెట్టాను.

రజిత

నా చివరి ఏడు జట్టులో శ్రీకాంత్, మానస వక్తలు. ఇద్దరివీ పెద్ద గొంతులు. రజిత రిజర్వు. రిజర్వు అంటే అన్నీ నేర్చుకుని, ఎవరికైనా జ్వరం వస్తే తప్ప మాట్లాడని మనిషి. ఎనిమిది, తొమ్మిది, పది, మూడేళ్లూ రజితే రిజర్వు. గొంతు మెత్తన. హెడ్మాస్టరు ప్రార్థన దగ్గర ఒకసారి విని "గీ పోరి మాట మైకుకే ఇనవడది" అని తేల్చేశాడు. నేను వెనక వరుసలో ఉన్నాను. మా గదిలో గడియారం పట్టుకోవడం, కాగితాలు పోగుచేసి ఫైలులో పెట్టడం రజిత పని.

వాళ్ల బాపు మస్కట్‌లో ఉంటాడు. అవ్వ, అంటే వాళ్లమ్మ, బీడీలు చుడుతుంది. ఒక రోజు అవ్వ బడికి వచ్చి, నేను ఒక్కణ్నే ఉన్నప్పుడు చెప్పింది.

"సారూ, గిది వాళ్ల బాపుకు ఫోన్ల ఏం చెప్తదో ఎర్కేనా? పోటీల మాట్లాడిన, అందరు సప్పట్లు గొట్టిండ్రు అని చెప్తది. ఆయన వీడియో పంపు బిడ్డా అంటుండు. నెట్టు లేదని మూడేండ్ల సంది చెప్పుకుంట వస్తుంది. ఇయ్యేడు ఆయన వస్తుండు. ఒక్కపారి మైకు ముంగట నిలవెట్టుండ్రి సారూ. అబద్ధం నిజమైతది."

పదో తరగతి. రజితకు ఇదే ఆఖరు ఏడు. ఫారం రాగానే ముందు వెనక పక్క తిప్పి చూశాను. నియమం మారింది. మూడో పేరుకు ఇప్పుడు గడే ఉంది, దాని పక్కన బ్రాకెట్లో "మాట్లాడరాదు" అని ఉంది. ఆ గడిలో రజిత పేరు రాశాను.

కరీంనగర్

జిల్లాలో గెలిచి, నాలుగు జిల్లాలకు కలిపి కరీంనగర్‌లో పెట్టిన పోటీకి వెళ్లాం. చీకటితోనే బయల్దేరి నిర్మల్, జగిత్యాల మీదుగా చేరేసరికి పదిన్నర దాటింది. అంశం: "మార్కుల కంటే మాటకే బడి విలువ ఇవ్వాలి." మాది అనుకూల పక్షం.

ఎదుటి జట్టు రాలేదు. పదిహేను నిమిషాలు చూశారు. వేదిక మీద రెండు బల్లలు. ఒకదాని దగ్గర మా ఇద్దరు, ఇంకోటి ఖాళీ. న్యాయనిర్ణేత రిటైరైన లెక్చరరు, కళ్లద్దాల పెద్దమ్మ. ఆమె మైకులో చెప్పింది:

"ఎదుటివాళ్లు రాలేదు కాబట్టి మీరు గెలిచినట్టే. సర్టిఫికెట్లు తీసుకొని దిగండి నాన్నా, తర్వాతి జత ఉంది."

మానస నా వైపు తిరిగింది. "గిదేంది సార్, మాట్లాడకుంటనే గెలిచినమా?"

"గెలిసినం గదనే, నడువు" అన్నాడు శ్రీకాంత్.

అప్పుడు రజిత నా పక్క కుర్చీలోంచి లేచింది. స్టాప్‌వాచ్ నా చేతిలో పెట్టి, "పట్టుకోండ్రి సార్" అంది. వేదిక మెట్ల దగ్గరికి వెళ్లి నిలబడింది.

"మేడం, ఎదుటోళ్ల వంతు ఖాళీగ ఉన్నది. గా వంతు నాకియ్యుండ్రి."

"ఏ స్కూలమ్మా నువ్వు?"

"గిదే స్కూల్, మేడం. రిజర్వు."

"మీ స్కూలుకే ఎదురు మాట్లాడతావా?"

"మా తాన రోజు బెంచి మాట్లాడ్తది మేడం. ఇయ్యాల నేను మాట్లాడ్త."

సభలో నవ్వులు. పెద్దమ్మ నవ్వలేదు. నన్ను పిలిచి మెల్లగా అంది: "ప్రతివాదం జరిగితే నేను మార్కులు వేస్తాను. మీవాళ్లు ఓడితే చేతికొచ్చిన గెలుపు పోవచ్చు. ఆలోచించుకోండి."

హెడ్మాస్టరుకు ఫోన్ చేశాను. "గెలిచినం గదా, గమ్మునుండు. గా పిల్లను కూసోవెట్టు" అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాను. శ్రీకాంత్‌ను, మానసను అడిగాను. గెలుపు వాళ్లది, నాది కాదు.

"కానియ్యుండ్రి సార్" అంది మానస.

శ్రీకాంత్ రజితను కిందికీ మీదికీ చూశాడు. "నన్ను ఓడగొడితే మాత్రం బస్సుల కిటికి సీటు నీకియ్య, సూడు మరి" అన్నాడు.

నేను సరేనన్నాను. తొమ్మిదేళ్లలో హెడ్మాస్టరు మాట కాదని చేసిన పని అదొక్కటే.

మావాళ్లు మాట్లాడారు, బాగానే మాట్లాడారు. తర్వాత రజిత ఖాళీ బల్ల దగ్గరికి వెళ్లింది. నోటికి, మైకుకు మధ్య జానెడు దూరం. నా ఫోన్లో వీడియో రికార్డింగ్ పెట్టి, గడియారం నొక్కాను. ఆమె వెంటనే మొదలుపెట్టలేదు. సభ కదిలింది, ఎవరో దగ్గారు. నేను గడియారం చూశాను. నలభై ఎనిమిది సెకన్ల దగ్గర ఆమె నోరు తెరిచింది.

"మాటకు విలువ ఇయ్యాలె అంటున్నరు. ఎవల మాటకు? మార్కులే నయం. మార్కులు అందరికి ఏస్తరు. ఆఖరి బెంచీల కూసున్నోనికి గూడ సున్నా అయినా ఏస్తరు. మాటకు గట్ల గాదు. వంతు రానోనికి సున్నా గూడ రాదు."

మెత్తని గొంతే. కానీ సభ మొత్తం ముందుకు వంగింది.

"మీరు మైకు ముంగట ఉంటరు, మేము గడియారం పట్టుకొని ఉంటం. మీరు ఆగినప్పుడే మేమున్నమని తెలుస్తది. మీకోసం గంట కొడ్తరు. మమ్ముల ఆపెటందుకు గూడ ఎవలు గంట కొట్టరు."

ఈ మాటలు నాకు తెలుసు. మీరు ఆగినప్పుడే మేమున్నమని తెలుస్తది, ఇది ఐదేళ్ల కిందటి ఒక పిల్లవాడి వంకర దస్తూరీ. గంట మాట ఇంకెవరిదో, ఊదారంగు ఇంకు. ఖాళీ బెంచీ చెప్పిందని ఎనిమిదేళ్లు పిల్లలు రాసిన మాటలు. ఫైలులో పెట్టేటప్పుడు రజిత అన్నీ చదివింది. ఇప్పుడవి వరుసగా ఒక మనిషి నోట్లోంచి వస్తున్నాయి. ముందు వరుసలో పిల్లలు ఆమె ముఖం వైపు చూస్తున్నారు. ఆ బల్ల వెనక నిలబడ్డ ఆమె ముఖం సరిగ్గా, మా గదిలో పిల్లలు బెంచీ పైన చూసే ఆ ఎత్తులో ఉంది.

మూడో నిమిషం గంట తర్వాత కాసేపటికి ఆమె ఆగింది. పదకొండు సెకన్లు. మర్చిపోయిందనుకున్నాను. మళ్లీ మొదలుపెట్టి రెండు వాక్యాలు చెప్పి, సరిగ్గా నాలుగో నిమిషానికి కూర్చుంది. సభలో ఆఖరి గంట మోత ఆరిపోయేదాకా ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ తర్వాత చాలాసేపు కొట్టారు.

న్యాయనిర్ణేత ప్రతికూల పక్షానికే ఎక్కువ మార్కులు వేసింది. పోటీ నడిపే ఆఫీసు మనిషి ఒప్పుకోలేదు. మార్కుల పట్టికలో ప్రతికూల పక్షం వరుసలో రానివాళ్ల పేర్లు అచ్చయి ఉన్నాయి, రాని జట్టు గెలవదు, రిజర్వు మాట్లాడరాదు. కాగితం ప్రకారం గెలుపు శ్రీకాంత్, మానసలదే అన్నాడు. ఇద్దరికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. రజిత పేరు ఎక్కడా రాయలేదు. పెద్దమ్మ తన ముందున్న కాగితం మడిచి రజిత చేతిలో పెట్టింది. "వాదం వినేటప్పుడు పాయింట్లు రాసుకుంటాను తల్లీ. నా దగ్గరున్నది ఇదే. ఉంచుకో."

కొండగట్టు దగ్గర

సాయంత్రం బస్సు కొండగట్టు దగ్గర ఆగింది. శ్రీకాంత్, మానస మిర్చీల కోసం దిగారు. కిటికీ సీటులో రజిత. అడగకుండానే శ్రీకాంత్ ఇచ్చాడు. ఆమె ఆ కాగితం నాకిచ్చింది, చదవమని. అందమైన పాతకాలపు దస్తూరీ. అంకెలు వేసి పాయింట్లు. చివరిది:

"మా వంతు ఎప్పుడు?"

"గిది గూడ చెప్పినవా?" అన్నాను.

"అన్ని కాగితాలల్ల ఉన్నయే చెప్పిన సార్. గదొక్కటి చెప్పలే. చెప్పాలనే ఆగిన. నోరు రాలే."

రికార్డింగ్ పెట్టాం. చెరొక ఇయర్‌ఫోన్. ఆగిన చోట ఫ్యాను చప్పుడు, ఎవరో కుర్చీ జరపడం, పదకొండు సెకన్లు. మాట లేదు. మూడుసార్లు విన్నాం. మూడోసారి రజిత తన ఇయర్‌ఫోన్ తీసేసింది.

"మేడంకు ఇనవడ్డది సార్" అంది, కిటికీ బయటికి చూస్తూ.

మళ్లీ ఫైలు

మర్నాడు ఫైలు విప్పి, కాగితాలన్నీ తిరగేసి తేదీల వరుసలో పేర్చాను. ఐదేళ్ల కిందట చేయాల్సిన పని. నర్సయ్య సారు ఉన్న ఏడాది కాగితాల్లో ఆ వాక్యం లేదు. నా రెండో ఏడు మొదటి సగంలోనూ లేదు. మొదటిసారి కనబడింది ఒక సోమవారం. ముందు శనివారమే షఫీని బస్సు దగ్గర వదిలేసి వెళ్లాం. ఆ సోమవారం షఫీ గదికి రాలేదు. మిగిలిన ఇద్దరి కాగితాల్లోనూ ఆఖరి వాక్యం అదే.

దుకాణానికి వెళ్లాను. షఫీ లారీ టైరు విప్పుతున్నాడు. గడ్డం వచ్చింది. కూర్చోబెట్టి చాయ్ చెప్పాడు. చేతనైనంత సూటిగా చెప్పాను, ఫారం తిప్పి చూడలేదని, తప్పు నాదని.

"ఎప్పటి ముచ్చట సార్ గది! నాకు యాద్ గూడ లేదు" అని నవ్వాడు.

"ముగింపు నువ్వు బాగ చెప్తుంటివి."

"ఏం చెప్తుంటినో ఏమో."

టైరు వైపు తిరిగి పని మొదలుపెట్టాడు. తర్వాత, చేతులు ఆపకుండానే, నా వైపు చూడకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. పెద్దలకు నమస్కారంతో మొదలుపెట్టి, ఎదుటివాళ్ల వాదనకు మూడు జవాబులు, ఉపమానం, ముగింపు. ఎక్కడా తడబడలేదు. మొదటి మాటకే నా కళ్లు అలవాటుగా చేతి గడియారం మీదికి వెళ్లాయి. ముగించేసరికి నాలుగు నిమిషాలకు మూడు సెకన్లు తక్కువ.

దుకాణంలో పనివాళ్లు సుత్తులు ఆపి వింటున్నారు. షఫీకే వింతగా ఉంది. చేతులు తుడుచుకుంటూ అన్నాడు:

"నాకు యాద్ లేదు సార్. నోటికే యాదున్నట్టుంది."

ఆ వారం నుంచి పిల్లల కాగితాల్లో ఆ వాక్యం రాలేదు. ఏడాది చివరిదాకా ప్రతి కాగితం చూశాను. దీనికి కారణం రాయమంటే రాయలేను. తేదీలు మాత్రం ఇవ్వగలను, ఫైలులో ఉన్నాయి. రజిత బాపు వచ్చి వీడియో మళ్లీ మళ్లీ చూసి, మస్కట్‌లో తన రూంలో వాళ్లందరికీ పంపించాడని అవ్వ చెప్పింది.

వచ్చేవాళ్లకు

ఫారం వెనక్కి తిప్పి చూడండి. చెడు కబురు బస్సు దగ్గర చెప్పకండి. రిజర్వు అనే వరుసలో ఎవరినీ రెండో ఏడు ఉంచకండి. ఉంచాల్సి వస్తే బడిలోనే, నలుగురి ముందైనా, ఒకసారి మాట్లాడించండి. మైకు, గది, బీరువాలో అర, ఇవన్నీ అడగండి, నాలా ఒక్కసారి అడిగి ఊరుకోకండి. ఖాళీ బెంచీ సమయం తగ్గించకండి. అది చెప్పేది నచ్చకపోతే, ముందు మీరేం చేశారో చూసుకోండి.

నా కాంట్రాక్టు ఈ ఏడు పొడిగించలేదు. కరీంనగర్ దగ్గర సోలార్ ప్లాంటులో మీటర్లు చూసే పని దొరికింది. చివరి రోజు పిల్లలు వెళ్లాక గది తాళం ఇవ్వాలి. గంట, పైపు, ఫైలు సర్దిపెట్టాను. స్టాప్‌వాచ్ కూడా అక్కడే వదిలాను, నాది అయినా. తర్వాత ఎందుకో పిల్లల బెంచీ మీద కూర్చుని, తెల్లకాగితం తీసుకుని, గడియారం నొక్కాను. తొమ్మిదేళ్లలో మొదటిసారి అటు వైపు చూశాను.

బయట పత్తి ఏరడం అయిపోయింది. ఎండు కట్టెల మీద గాలి. గోడ మీద బల్లి లేదు. ఏమీ వినిపించలేదు, ఆ మాట నిజంగానే చెబుతున్నాను. గడియారం నాలుగు నిమిషాలు చూపించాక లేచి, కాగితం మడవబోయి చూశాను. నా దస్తూరీలో ఒక వాక్యం ఉంది. ఎప్పుడు రాశానో తెలియదు.

"మా వంతు అయింది. నీది ఎప్పుడు?"

అందుకే ఇది రాశాను. నాలుగు నిమిషాలు ఎప్పుడో దాటి ఉంటాయి. గంట కొట్టడానికి ఇక్కడ ఎవరూ లేరు, నేనే ఆపుతున్నాను.